గెక్కో ట్యాంకులో వేడి, తేమ: మొదటి రోజు నుంచి సరిగ్గా అమర్చుకునే పద్ధతి

అమెరికాలోని తెలుగు ఇళ్ల నుంచి గెక్కోల (ఇంట్లో పెంచుకునే ఒక రకం బల్లుల) గురించి ప్రశ్నలు తరచూ వస్తున్నాయి. పిల్లలు ముచ్చటపడి అడుగుతారు, పెట్ షాపువాళ్లు ట్యాంకు, బల్బు, బల్లి కలిపి ఇచ్చేస్తారు. ఇంటికొచ్చాక సందేహాలు మొదలవుతాయి. వేడి ఎంత ఉండాలి? రాత్రి బల్బు ఆపేయాలా? తేమ 25 శాతమే చూపిస్తోంది, టెన్షన్ పడాలా? తిండి మానేసింది, ఏం చేయాలి?

వీటిలో చాలా ప్రశ్నలకు జవాబు ఒక్క చోటే ఉంది. ట్యాంకు అంతా ఒకే వేడి ఉండకూడదు. ఒక చివర వేడిగా, ఇంకో చివర చల్లగా, మధ్యలో ఎక్కడో ఒక తడి చోటు ఉండాలి. గెక్కో తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. తిన్నది అరగాలన్నా, ఒళ్లు కదలాలన్నా బయటి వేడి కావాలి. చాలనుకున్నప్పుడు చల్లటి వైపుకు తప్పుకునే దారీ ఉండాలి. ఎండాకాలం మనం వసారాలోంచి లోపలి గదిలోకి జరిగినట్టే అదీ జరుగుతుంది. ఆ వీలు కల్పించడమే మన పని.

ఇక్కడ ఎక్కువగా చెప్పేది లెపర్డ్ గెక్కో గురించే. క్రెస్టెడ్ గెక్కోకు కావాల్సింది దాదాపు తలకిందులు కాబట్టి దానికి విడిగా ఒక భాగం పెట్టాను.

## 1. మీ దగ్గరున్నది ఏ గెక్కో?

కొనేముందే తేల్చుకోవాల్సిన విషయమిది. ఒకదానికి ప్రాణం నిలిపే ఏర్పాటు రెండోదానికి ప్రాణం మీదికి తెస్తుంది.

లెపర్డ్ గెక్కో: అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశపు రాతి నేలలు దీని సొంతూరు. నేల మీదే తిరుగుతుంది, గోడలెక్కలేదు, కంటికి రెప్పలుంటాయి.

- ఎండ కాచుకునే చోట రాతి పైభాగం: 90–94 ఫారన్‌హీట్ (32–34 సెల్సియస్)
- వేడి గూడు (వేడి చివర దాక్కునే చోటు) లోపల: 88–92 ఫారన్‌హీట్ (31–33 సెల్సియస్)
- చల్లటి చివర: 70–77 ఫారన్‌హీట్ (21–25 సెల్సియస్)
- రాత్రి: 65–72 ఫారన్‌హీట్ (18–22 సెల్సియస్) వరకు తగ్గినా ఫర్వాలేదు
- గాలిలో తేమ: 30–40 శాతం. తడి గూడులో (తడి నాచు పరిచిన డబ్బా, 7వ భాగం చూడండి) మాత్రం 70–80 శాతం

క్రెస్టెడ్ గెక్కో: పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా దీవుల అడవుల్లో చెట్ల మీద బతుకుతుంది.

- పగలు: 72–78 ఫారన్‌హీట్ (22–26 సెల్సియస్)
- 82 ఫారన్‌హీట్ (28 సెల్సియస్) దాటితే ఇబ్బంది మొదలైనట్టే
- తేమ: రాత్రి 80 శాతం దాకా, పగలు 50 శాతం దాకా దిగి ఆరాలి

మన తూర్పు కనుమల్లోనూ లెపర్డ్ గెక్కోకు దగ్గరి చుట్టాలున్నాయి. వాటిని కొండల్లోనే ఉండనివ్వాలి. ఈ మార్గదర్శి పెంపకంలో పుట్టి, చట్టబద్ధంగా కొన్న గెక్కోల కోసమే.

## 2. గెక్కోను తేకముందే ఇంట్లో ఉండాల్సినవి

షాపుల్లో అమ్మే కిట్‌లలో చాలాసార్లు థర్మోస్టాట్, అంటే వేడి హద్దు దాటకుండా చూసే పరికరం, ఉండదు. బదులుగా అద్దానికి అంటించే గుండ్రటి ముల్లు మీటరు, ఎర్ర బల్బు ఉంటాయి. ఆ రెండూ పక్కన పెట్టేయొచ్చు. లెపర్డ్ గెక్కోకు ఇవి కావాలి:

- 36×18×18 అంగుళాల ట్యాంకు. ఇంతకన్నా చిన్నదాంట్లో వేడి చివర, చల్లటి చివర అనే తేడా నిలబెట్టడం కష్టం
- హాలోజన్ బల్బు, పింగాణీ హోల్డరున్న ల్యాంపు. లేదా హీట్ మ్యాట్
- థర్మోస్టాట్ (ఏ రకమో 5వ భాగంలో చూడండి)
- ప్రోబ్ (వైరు చివర ఉండే, వేడిని పసిగట్టే ముక్క) ఉన్న డిజిటల్ థర్మామీటర్లు రెండు
- డిజిటల్ హైగ్రోమీటర్ (తేమ కొలిచేది) ఒకటి
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ (తాకకుండానే రాయి వేడిని కొలిచేది)
- గూళ్లు మూడు: వేడి గూడు, తడి గూడు, చల్లని గూడు
- పలుచటి నల్లరాయి లేదా స్లేట్ పలక
- స్ఫాగ్నమ్ నాచు లేదా పేపర్ టవల్స్
- నీళ్ల గిన్నె, స్ప్రే బాటిల్

బడ్జెట్ సరిపోకపోతే అలంకరణ మొక్కలు, బొమ్మ పుర్రెలు తర్వాత కొనుక్కోవచ్చు. థర్మోస్టాట్ వాయిదా మాత్రం వేయకండి.

## 3. ట్యాంకు ఎక్కడ పెట్టాలి

కిటికీ పక్కన వద్దు. అద్దం మీద నేరుగా ఎండ పడితే కాసేపట్లోనే లోపల వేడి ప్రమాదకరంగా పెరుగుతుంది, అప్పుడు థర్మోస్టాట్ ఏమీ చేయలేదు. అది బల్బును ఆపగలదు గాని సూర్యుణ్ని ఆపలేదు.

ఏసీ గాలి, హీటర్ గాలి వచ్చే వెంట్ కింద కూడా వద్దు. వంటింట్లో అసలే వద్దు. పొగలు, ఆవిర్లు ఒక కారణమైతే, సాల్మొనెల్లా (బల్లుల నుంచి మనకు సోకే, కడుపు పాడుచేసే బ్యాక్టీరియా) రెండోది. గెక్కో నీళ్ల గిన్నెను వంటింటి సింకులో కడగకండి. ట్యాంకులో చేయి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పిల్లలు మరీ ముఖ్యంగా.

ప్లగ్ పాయింట్ దగ్గర ఒక చిన్న జాగ్రత్త. వైరు ముందు కిందికి వేలాడి, తర్వాత పైకి లేచి ప్లగ్‌లోకి వెళ్లేలా పెట్టండి. స్ప్రే చేసిన నీళ్లు వైరు వెంట జారినా ఆ వంపు దగ్గరే కారిపోతాయి, ప్లగ్‌లోకి పోవు.

## 4. వేడి ఏర్పాటు

### పైనుంచి వేడి: హాలోజన్ బల్బు

నా ఓటు దీనికే. ఎండ పైనుంచి పడ్డట్టే ఉంటుంది, రాయి వేడెక్కుతుంది, సాయంత్రం బల్బు ఆగాక ఆ రాయి మెల్లగా చల్లారుతుంది. గెక్కో బయటికొచ్చేదీ ఆ సంజవేళలోనే కాబట్టి వెచ్చటి రాతి మీద పొట్ట ఆనించి పడుకుంటుంది.

1. ల్యాంపును ట్యాంకు ఒక చివర, జాలీ మూత పైన పెట్టండి. నడిమధ్యలో పెడితే చల్లటి చివర అనేదే మిగలదు.
2. దాని కింద స్లేట్ పలక పరచండి. పలక నుంచి బల్బుకు 10–12 అంగుళాల దూరం ఉండాలి.
3. 50 వాట్లతో మొదలుపెట్టండి. రాతి వేడి చాలకపోతేనే 75 వాట్లకు వెళ్లండి.
4. ల్యాంపును క్లిప్పు మీద నమ్మకంతో వదిలేయకండి. గొలుసుతోనో స్టాండ్‌తోనో అదనంగా కట్టండి. పిల్లి దూకినా, పిల్లల చేయి తగిలినా కార్పెట్ మీద పడితే ఇల్లే అంటుకుంటుంది.
5. పగలు 12 గంటలు వెలిగేలా టైమర్ పెట్టండి.

### కిందినుంచి వేడి: హీట్ మ్యాట్

చిన్న ట్యాంకుకు, అడుగున పేపర్ టవలో టైలో పరిచినవాళ్లకు ఇది పనికొస్తుంది.

1. ట్యాంకు అడుగు వైశాల్యంలో మూడో వంతుకు మించని మ్యాట్ తీసుకోండి.
2. ట్యాంకు బయట, కిందివైపున, ఒక చివరే అతికించండి. లోపల పెట్టకూడదు.
3. ట్యాంకు కింద రబ్బరు కాళ్లు పెట్టి గాలి ఆడేలా లేపండి. మ్యాట్ బల్లకు అతుక్కుపోయి వేడి బయటికి పోలేకపోతే అద్దం పగలొచ్చు.
4. ఆ చివర లోపల పలుచటి పొర మాత్రమే ఉంచండి. మట్టి మందంగా పోస్తే వేడి కిందే ఇరుక్కుపోతుంది. పైన చల్లగా ఉందని గెక్కో తవ్వుకుంటూ పోయి నేరుగా కాలే అద్దం మీద పడుకుంటుంది.

మట్టి, ఇసుక కలిపి మూడు నాలుగు అంగుళాల మందాన పోయాలనుకుంటే మ్యాట్ మానేసి బల్బుకు మారండి.

### రాత్రి వేడి

ఇల్లు 65 ఫారన్‌హీట్ కన్నా చల్లబడకపోతే లెపర్డ్ గెక్కోకు రాత్రి వేడి అక్కర్లేదు. అంతకన్నా చల్లబడే ఇంట్లో సిరామిక్ హీట్ ఎమిటర్ వాడండి. అది వెలుతురివ్వదు, వేడి మాత్రమే ఇస్తుంది. దానికి పింగాణీ హోల్డరు తప్పనిసరి, ప్లాస్టిక్ హోల్డరు కరిగిపోతుంది. ట్యాంకు లోపల వేలాడదీస్తే చుట్టూ ఇనుప జాలీ ఉండాలి.

ఎర్ర బల్బు, నీలం బల్బు రాత్రంతా వెలిగించొద్దు. గెక్కో రాత్రిపూట బాగా చూడగలిగే జీవి. మనకు మసకగా కనిపించే వెలుగు కూడా దానికి రాత్రిలా ఉండదు.

కరెంటుతో వేడెక్కే ప్లాస్టిక్ రాళ్లను, అంటే హీట్ రాక్‌లను, ఎవరు ఉచితంగా ఇచ్చినా పెట్టకండి. అవి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాలుతాయి. పొట్ట కాలుతున్నా గెక్కో వెంటనే లేవదు.

## 5. థర్మోస్టాట్, ప్రోబ్: అసలు కీలకం ఇక్కడే

థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ ప్లగ్‌లో ఉన్నంతసేపూ వేడెక్కుతూనే ఉంటుంది. 110 ఫారన్‌హీట్ (43 సెల్సియస్) కూడా దాటిపోగలదు. పొట్ట మీద కాలిన గాయాలు ఇలాగే అవుతాయి. పైనుంచి చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది, గాయం కిందివైపు ఉంటుంది.

దేనికి ఏ థర్మోస్టాట్:

- హీట్ మ్యాట్‌కు ఆన్-ఆఫ్ రకం చాలు, చవక కూడా.
- హాలోజన్ బల్బుకు డిమ్మింగ్ రకమే (ఆపేయకుండా వెలుగును పెంచుతూ తగ్గిస్తూ ఉండేది) కావాలి. ఆన్-ఆఫ్ రకం పెడితే బల్బు రోజంతా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, త్వరగా మాడిపోతుంది, గెక్కోకూ చిరాకు.
- సిరామిక్ ఎమిటర్‌కు పల్స్ రకం (కరెంటును చిన్న చిన్న విడతలుగా పంపేది) బాగుంటుంది. ఆన్-ఆఫ్ కూడా నడుస్తుంది.

కొనేటప్పుడు థర్మోస్టాట్ మోయగల వాట్లు, మీ బల్బు వాట్లు సరిచూసుకోండి.

ఇక ప్రోబ్. చెంచా కొనంత ఉండే ఆ చిన్న ముక్క ఎక్కడుందో అక్కడి వేడే థర్మోస్టాట్‌కు తెలుస్తుంది. అది కదిలితే లెక్కంతా తప్పుతుంది.

ఎక్కువగా జరిగేది ఇదీ. రాత్రి గెక్కో వేడి గూట్లో ముందుకాళ్లతో తవ్వుతుంది, ప్రోబ్ వైరు కాలికి తగిలి బయటికి జారుతుంది. ప్రోబ్ ఇప్పుడు చల్లటి మట్టి మీద ఉంది. "ఇంకా 72 డిగ్రీలే" అని థర్మోస్టాట్ మ్యాట్‌ను పూర్తి బలంతో నడుపుతూనే ఉంటుంది. తెర మీద అంకె తక్కువగానే కనిపిస్తుంది, గూట్లో అద్దం మాత్రం కాలిపోతుంటుంది.

అందుకని:

1. మ్యాట్ వాడితే ప్రోబ్‌ను వేడి గూడు అడుగున, గెక్కో పొట్ట తగిలే చోట ఉంచండి. బల్బు వాడితే స్లేట్ అంచున, వెలుగు పడే చోట ఉంచండి.
2. ఆక్వేరియం సిలికాన్ చుక్కతో అతికించండి. పూర్తిగా ఆరి, వాసన పోయాకే గెక్కోను వదలాలి.
3. ట్యాంకు లోపల టేపు అస్సలు వాడొద్దు. అంచు లేచిన టేపుకు గెక్కో అంటుకుంటే విడదీసేటప్పుడు చర్మం ఊడొస్తుంది.
4. రబ్బరు సక్షన్ కప్పును నమ్మొద్దు, వేడికి ఊడిపోతుంది.
5. ప్రోబ్ మీద నీళ్ల గిన్నె ఒలికినా, తడి నాచు పడినా అంకె తప్పుతుంది. రోజూ ఒకసారి చూడండి.
6. మొదట 88 ఫారన్‌హీట్ దగ్గర సెట్ చేసి, గన్‌తో కొలుస్తూ రోజుకో డిగ్రీ చొప్పున పెంచండి.

థర్మోస్టాట్ తెర మీది అంకెను నమ్మి ఊరుకోకండి. విడి థర్మామీటరు ఒకటి వేడి చివర ఎప్పుడూ ఉండాలి. థర్మోస్టాట్ పాడైన రోజు ఆ సంగతి చెప్పేది అదే.

## 6. కొలిచే పరికరాలను ముందు పరీక్షించండి

థర్మామీటరు: నలగ్గొట్టిన ఐసు గ్లాసు నిండా వేసి, కొద్దిగా నీళ్లు పోసి, నీళ్లు తగిలినా పాడవని ప్రోబ్‌ను మధ్యలో ముంచండి. రెండు నిమిషాలకు 32 ఫారన్‌హీట్ (0 సెల్సియస్) చూపాలి. రెండు డిగ్రీలు ఎక్కువ చూపితే ఆ తేడాను చీటీ మీద రాసి పరికరానికే అంటించండి.

హైగ్రోమీటరు: సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా కొన్ని చుక్కల నీళ్లు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. మూతను, మీటరును జిప్‌లాక్ కవర్లో పెట్టి, గాలి పోకుండా మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 శాతం చూపాలి. 69 చూపితే మీ మీటరు 6 తక్కువ చూపిస్తోందన్నమాట.

గన్: ఇది ఉపరితలం వేడినే కొలుస్తుంది, గాలిని కాదు. అద్దం బయటి నుంచి కొడితే అద్దం వేడే చూపుతుంది, కాబట్టి మూత తీసి కొలవండి. ఎర్ర చుక్క పడ్డ చోటే కాక దాని చుట్టూ ఉన్న చోటు కూడా కొలతలోకి వస్తుంది. అందుకే అర అడుగు దగ్గరికి తెచ్చి, స్లేట్ మీద నాలుగైదు చోట్ల చూడండి. బల్బు సరిగ్గా కింద 97 ఉండి, జానెడు పక్కన 90 ఉండటం మామూలే. లెక్కలోకి తీసుకోవాల్సింది అన్నిటికన్నా వేడి చోటు.

హైగ్రోమీటరును వేడి చివర పెడితే తేమ తక్కువగా ఉందని కంగారు పడతారు. గాలి వేడెక్కితే, అందులో ఉన్న నీటి ఆవిరి మారకపోయినా, తేమ శాతం పడిపోతుంది. 22 సెల్సియస్ దగ్గర 50 శాతం చూపిన గాలే 32కి వేడెక్కితే దాదాపు 28 చూపిస్తుంది. మీటరును చల్లటి చివర, నేలకు కాస్త పైన, నీళ్ల గిన్నెకు దూరంగా పెట్టండి.

## 7. తడి గూడు

లెపర్డ్ గెక్కో ఎడారి జీవి కదా, తేమ ఎందుకని చాలామంది అనుకుంటారు. బయట ఎంత పొడిగా ఉన్నా అది పగలు దూరే రాతి పగుళ్లలో, బొరియల్లో చల్లదనం, తేమ ఉంటాయి. కుబుసం విడిచేటప్పుడు ఆ తేమ లేకపోతే పాత చర్మం వేళ్లకు అతుక్కుపోతుంది.

1. మూతున్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. పక్కన గెక్కో ఒంటికన్నా కాస్త పెద్ద రంధ్రం కోసి, అంచులు గరుకు లేకుండా రుద్దండి.
2. నాచును తడిపి, గట్టిగా పిండి, రెండు అంగుళాల మందాన పరచండి. గుప్పిట్లో పట్టి నొక్కితే చుక్కలు కారకూడదు, చేతికి తడి తగలాలి.
3. వేడి చివరకు, మధ్యభాగానికి నడుమ పెట్టండి. పూర్తిగా చల్లటి చివర పెడితే చల్లటి తడిలో పడుకుంటుంది, అది మంచిది కాదు.
4. రెండు మూడు రోజులకోసారి తడి చూడండి. వారానికోసారి నాచును కడగండి లేదా మార్చండి. వాసనొస్తే అప్పుడే పారేయండి.

కుబుసం విడిచాక ప్రతిసారీ వేళ్లు చూడండి. ఒక్కో వేలి చివర తెల్లటి పలుచటి ఉంగరంలా పాత చర్మం చుట్టుకుని ఉంటే అదే అతుక్కున్న కుబుసం. అలాగే వదిలేస్తే ఆరి బిగుసుకుని, రక్తం ఆడక వేలి కొన ఊడిపోతుంది. తోక కొన, కంటిరెప్పల అంచులు కూడా చూడాలి.

తీసే పద్ధతి: 85–88 ఫారన్‌హీట్ గోరువెచ్చటి నీళ్లు పాదాలు మునిగేంత పోసి, 10–15 నిమిషాలు మూత వదులుగా ఉన్న డబ్బాలో ఉంచండి, పక్కనే ఉండండి. తర్వాత తడి కాటన్ బడ్‌ను వేలి మీద మెల్లగా దొర్లించండి. రాకపోతే లాగకండి, మర్నాడు మళ్లీ నానబెట్టండి. కంటి దగ్గర ఇరుక్కుంటే మీరు ముట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

## 8. క్రెస్టెడ్ గెక్కో ఉంటే

ట్యాంకు ఎత్తుగా ఉండాలి: 18×18×24 అంగుళాలు, కొమ్మలు, ఆకులు నిండుగా. దీనికి ముప్పు చలి కన్నా ఎక్కువ వేడి నుంచే. 72–78 ఫారన్‌హీట్ ఉండే ఇంట్లో అసలు హీటరే అక్కర్లేదు. లెపర్డ్ గెక్కో కోసం కొన్న బల్బును దీనికి పెట్టడం పెద్ద పొరపాటు.

తేమలో కూడా ఒక వరస ఉంది: తడపాలి, ఆరనివ్వాలి, మళ్లీ తడపాలి.

1. దీపాలు పెట్టే వేళ ఆకులు, అద్దాలు బాగా తడిసేలా స్ప్రే చేయండి. తేమ 80 దాకా ఎక్కుతుంది. గెక్కో ముఖం మీద కొట్టొద్దు. ఆకుల మీది చుక్కలను అది నాకి తాగుతుంది.
2. పొద్దునకు మీటరు చూడండి. 60 లోపుకు వచ్చి ఉంటే పలుచగా ఒకసారి స్ప్రే చేయండి.
3. మధ్యాహ్నానికి అద్దాలు ఆరిపోవాలి, తేమ 50–60 దగ్గర ఉండాలి. అప్పటికీ అద్దాల మీద నీళ్లు కారుతుంటే స్ప్రే ఎక్కువైంది లేదా గాలి ఆడటం లేదు.
4. కుళాయి నీళ్లకు క్లోరిన్ తీసే ద్రావణం కలపండి, లేదా ఫిల్టర్ నీళ్లు వాడండి.

రోజంతా 80 శాతం ఉంచితే మంచిదనుకోవడం తప్పు. ఆరని తడిలో బూజు పడుతుంది, ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

ఇల్లు బాగా వేడెక్కిన రోజు, గడ్డకట్టించిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి జాలీ మూత మీద ఒక మూల పెట్టండి. చల్లటి గాలి కిందికి దిగుతుంది. చిన్న ఫ్యాను ట్యాంకు పైనుంచి గాలి వీచేలా పెట్టొచ్చు. వేడి, ఉక్క కలిసిన ట్యాంకులో ఇంకా ఇంకా స్ప్రే చేస్తే ఉక్క పెరుగుతుందే గాని చల్లబడదు.

## 9. ఖాళీ ట్యాంకును మూడు రోజులు నడిపి చూడండి

అన్నీ అమర్చి, గెక్కో లేకుండా నడపండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పడుకునే ముందు కింది అంకెలు రాసుకోండి:

- స్లేట్ పైభాగం
- వేడి గూడు అడుగు
- చల్లని గూడు అడుగు
- చల్లటి చివర తేమ
- ఆ సమయంలో గది వేడి

గది వేడి రాసుకోవడం ముఖ్యం. డాలస్‌లో ఏసీ ఇల్లు, న్యూజెర్సీలో జనవరి హీటర్ ఇల్లు ఒకే ట్యాంకును రెండు రకాలుగా నడిపిస్తాయి. మూడు రోజుల అంకెలు పైన చెప్పిన హద్దుల్లో నిలిచాకే గెక్కోను తెండి. పిల్లలు తొందరపెడతారు, ఆ మూడు రోజులూ అంకెలు రాసే పని వాళ్లకే అప్పగించండి.

## 10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాటు

చల్లటి చివర కూడా 82 దాటుతోంది. ట్యాంకు చిన్నదై ఉండాలి, లేదా బల్బు వాట్లు ఎక్కువై ఉండాలి. బల్బు తగ్గించండి, ఇంకా చివరకు జరపండి. థర్మోస్టాట్‌ను తగ్గించేసి ఊరుకుంటే వేడి చివర కూడా చల్లబడిపోతుంది.

గాలి వేడి 80 ఉంది, సరిపోతుందనుకోవడం. లెపర్డ్ గెక్కోకు ఒంటికి తగిలే ఉపరితలం వేడి ముఖ్యం. గన్‌తో రాయిని కొలవండి.

చలికాలం తేమ 20 శాతానికి పడిపోయింది. ఇంటి హీటర్ గాలిని ఎండగడుతుంది. తడి గూటి నాచును రోజూ చూడండి, నీళ్ల గిన్నె పెద్దది పెట్టండి, గదిలో హ్యుమిడిఫయర్ నడపండి. జాలీ మూతలో కొంత భాగం కప్పొచ్చు గాని ల్యాంపు దగ్గర గుడ్డ, ప్లాస్టిక్, కాగితం ఏదీ ఉండకూడదు.

హ్యూస్టన్ లాంటి ఉక్క ఊళ్లో తేమ 60 దాటి దిగడం లేదు. మూత పూర్తిగా జాలీగా ఉంచండి, నీళ్ల గిన్నె చిన్నది చేసి చల్లటి చివరకు జరపండి, అడుగున తడిసిన మట్టి తీసేయండి. గదిలో ఏసీ నడిస్తే చాలావరకు దిగుతుంది.

గెక్కో ఎప్పుడూ వేడి గూట్లోనే ఉంటోంది. వేడి చాలడం లేదేమో కొలవండి. అంకె సరిగ్గానే ఉంటే చల్లటి చివర దాక్కునే గూడు ఉందా, అది ఇరుగ్గా, చీకటిగా ఉందా చూడండి. వేడి కన్నా దాక్కోవడమే దానికి ముఖ్యం. గూడు లేని చల్లటి చివర దానికి లేనట్టే.

ఎప్పుడూ చల్లటి చివరే ఉంటోంది, నోరు తెరుస్తోంది. వేడి ఎక్కువైంది. ముందు ప్లగ్ తీసి, తర్వాత ప్రోబ్ ఎక్కడుందో వెతకండి.

తిన్నది కక్కేసింది. అరిగేంత వేడి దొరకలేదేమో చూడండి. వేడి గూడు అంకె సరిచేసి, రెండు రోజులు ఆగి చిన్న పురుగుతో మొదలుపెట్టండి. మళ్లీ కక్కితే డాక్టరుకు చూపించాలి.

## 11. కరెంటు పోయినప్పుడు

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచుతుఫాను వచ్చి లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేకుండా పోయింది. అలాంటప్పుడు కావాల్సినవి ముందే ఒక డబ్బాలో పెట్టి ఉంచండి: థర్మోకోల్ పెట్టె, గాలి తగిలితే వేడెక్కే హ్యాండ్ వార్మర్లు, మెత్తటి గుడ్డలు, బ్యాటరీ థర్మామీటరు.

1. వెంటనే తిండి ఆపండి. చల్లటి ఒంట్లో తిన్నది అరగక కడుపులోనే కుళ్లుతుంది. ఆరోగ్యంగా, తోక లావుగా ఉన్న పెద్ద లెపర్డ్ గెక్కో కొన్ని రోజులు తినకపోయినా తట్టుకుంటుంది. ఆ తోకలోనే కొవ్వు దాచుకుంటుంది.
2. ట్యాంకును దుప్పట్లతో చుట్టండి, గాలికి సందు వదలండి. ల్యాంపులన్నీ ప్లగ్ నుంచి తీసేయండి. కరెంటు తిరిగొచ్చి దుప్పటి కింద బల్బు వెలిగితే నిప్పంటుకుంటుంది.
3. ఇల్లు 60 ఫారన్‌హీట్ కన్నా దిగితే గెక్కోను చిన్న గాలి రంధ్రాల డబ్బాలో పెట్టి, దాన్ని థర్మోకోల్ పెట్టెలో ఉంచండి. హ్యాండ్ వార్మర్‌ను గుడ్డలో చుట్టి డబ్బా బయట పెట్టండి, గెక్కోకు తగలకూడదు. వార్మర్‌కు గాలి కావాలి కాబట్టి పెట్టెను గట్టిగా మూసేయొద్దు.
4. లోపల 75–80 ఉంటే చాలు. 90 తెప్పించాలని ప్రయత్నించొద్దు.
5. కరెంటు వచ్చాక వేడి మామూలుకు చేరి ఒక రోజు గడిచాకే తిండి పెట్టండి.

ఇంట్లో బొగ్గుల కుంపటి, గ్యాస్ గ్రిల్ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్ మనుషుల ప్రాణాలే తీస్తుంది.

## 12. ఇండియా వెళ్లేటప్పుడు

నెలరోజులు ఊరెళుతూ చాలామంది ఏసీ ఆపేసి వెళ్తారు. టెక్సాస్, అరిజోనా వేసవిలో మూసిన ఇల్లు 90 దాటడం ఎంతసేపు? లెపర్డ్ గెక్కోకు చల్లటి చివర లేకుండా పోతుంది, క్రెస్టెడ్ గెక్కో బతకడమే కష్టం. ఏసీని 76 దగ్గర వదిలి వెళ్లండి, లేదా గెక్కోను ట్యాంకుతో సహా తెలిసినవాళ్లింట్లో పెట్టండి.

చూసుకునేవారికి ఇవ్వాల్సిన చీటీ:

- వేడి చివర, చల్లటి చివర ఉండాల్సిన అంకెలు
- ప్రోబ్ ఎక్కడ ఉండాలో చూపే ఫొటో
- ఏ రోజు ఏం తిండి, ఎన్ని పురుగులు
- తడి గూడు తడిపే రోజులు
- వేడి ఎక్కువైతే ఏ ప్లగ్ తీయాలి (ఆ ప్లగ్‌కు రంగు టేపు చుట్టండి)
- డాక్టరు ఫోను నంబరు

వెళ్లే ముందు వారంలో కొత్త బల్బు, కొత్త థర్మోస్టాట్ మార్చకండి. మార్చాల్సి వస్తే రెండు వారాల ముందే మార్చి గమనించండి.

## 13. డాక్టరు దగ్గరికి ఎప్పుడు

అందరు జంతువుల డాక్టర్లూ బల్లులను చూడరు. ఎగ్జాటిక్ జంతువులను చూసే డాక్టరు ఎవరో గెక్కోను తేకముందే కనుక్కోండి. ఇవి కనిపిస్తే ఆగకండి:

- నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, టిక్ టిక్ మనే శబ్దం
- పొట్ట మీద ఎర్రబారిన, నల్లబడిన లేదా బొబ్బలెక్కిన చోటు
- తోక సన్నబడిపోవడం
- మూసుకుపోయిన, ఉబ్బిన కన్ను
- వేలి కొన నల్లబడటం

వెళ్లేటప్పుడు వారం రోజుల వేడి, తేమ అంకెలు, ట్యాంకు మొత్తం కనిపించే ఫొటో తీసుకెళ్లండి. డాక్టరు మొదట అడిగేవి అవే. చలికాలమైతే ప్రయాణంలో గెక్కో ఉన్న డబ్బాను కారు హీటర్ గాలికి ఎదురుగా పెట్టకుండా, గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకోండి.